మూడు అన్నాక

ఈ ఊళ్లో ఒకప్పుడు ఓడల్ని ఎత్తేవారు.
ఇప్పుడు క్రేన్లు లేవు. క్లైడ్ నది ఒడ్డున
అవి నిలబడ్డ ఖాళీ ఉంది.
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
మా చూపు ఇంకా అటే పోతుంది.

పాత తాళ్ల ఫ్యాక్టరీ వెనక షెడ్డు మా వర్క్‌షాపు.
నలభై ఒక్క మందిమి, నెలకు తలా పన్నెండు పౌండ్లు,
రెండు రంపాలు, ఒక వెల్డింగు సెట్టు,
ఎవరిదో తెలియని సైకిలు ఒకటి.
నేను కోశాధికారిని.
అంటే, కాదనడం నా పని.

నవంబరు పేజీలో నా దస్తూరీ ఉంది చూడండి:
చెయిన్ హాయిస్టు, వాయిదా.
కింద రెండు గీతలు కూడా గీశాను.
పదిమంది చెయ్యేస్తే ఏ బరువైనా ఎంత, అన్నాను.
తలలూపారు. బిస్కెట్లు తిన్నాం.

జనవరిలో బ్యాండ్ సా వచ్చింది,
చనిపోయిన ఒక వడ్రంగి భార్య ఇచ్చింది.
నూట ఎనభై కిలోలు. ఆరుగురం పట్టాం.
ఒకటి, రెండు, మూడు, అన్నాడు ఫార్కర్.
మూడు అంటూనే ఎత్తేవాళ్లు ముగ్గురు.
మూడు అన్నాక ఎత్తేవాళ్లు ముగ్గురు.
ఆ రెండింటికీ మధ్య ఉన్న సందులో
ఇష్‌బెల్ చెయ్యి ఉంది.

వేళ్లు పోలేదు. మడవవు, అంతే.
కుర్చీలకు గుడ్డ బిగించే మనిషి ఆమె.
ఇప్పుడు ఎడమ చేత్తో సుత్తి నేర్చుకుంటోంది.
గురి తప్పిన ప్రతి దెబ్బా
నా బల్ల దాకా వినిపిస్తుంది.
ఒక్కసారీ నన్ను ఏమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.

మార్చిలో మూతపడ్డ కాలేజీ వాళ్లు లేత్ ఇస్తామన్నారు.
ఆరువందల కిలోలు.
ఈసారి ఎవరూ చేతులు ముందుకు చాపలేదు.

ఎనభై పౌండ్లకే హాయిస్టు ఉందంటే
లాకీని తీసుకుని పెయిస్లీ వెళ్లాను.
ముప్ఫై ఏళ్లు యార్డులో రిగ్గరు అతను,
ఇప్పుడు మోకాళ్లు పలికితే గాని లేవడు.
కొక్కెం నోట్లో బొటనవేలు పెట్టి చూశాడు.
గుడ్డతో గొలుసు తుడిచి, పదకొండు కడియాలు కొలిచి
మళ్లీ అవే పదకొండు కొలిచాడు.
నిన్ననే రెండు టన్నులు మోసింది, అన్నాడు అమ్మేవాడు.
మోసింది, అందుకే సాగింది, అన్నాడు లాకీ.
బరువెంతో రాసిన రేకు ఎక్కడ?
ఎప్పుడో ఊడిపోయిందట.
ఊరూ పేరూ లేనిదాని కింద నేను నిలబడను, అన్నాడు.
ఎనభై పౌండ్లు! నా జేబు నన్ను గిల్లింది.
తిరుగు బస్సులో ఇద్దరం కిటికీలోంచే చూశాం.

కొత్తదే కొనాలి.
చక్రాల గాంట్రీ, ఆరువందల నలభై.
టన్ను మోసే హాయిస్టు, కాగితంతో సహా, రెండు వందల పది.
యంత్రాల కిందికి దూర్చే స్కేట్లు నూట యాభై.
స్లింగులు ముప్ఫై ఆరు.
ఊదారంగు టన్నుకి, ఆకుపచ్చ రెండింటికి.
రంగు మర్చిపోతే నన్నడగండి, ఊహించకండి, అన్నాడు లాకీ.
ఇవన్నీ పోగా మిగిలేది డెబ్భై ఆరు.
మరి పైకప్పు?
ఇంకో ఏడాది కారుతుంది. బకెట్టు ఉంది.

ఓటుకి చేతులు లేచాయి.
ఇష్‌బెల్ కుడిచెయ్యి కూడా,
నిటారుగా నిలిచిన ఆ రెండు వేళ్లతో.
రెండు ఓట్లని రాసుకో, అంది నాతో.
రాశాను. నిబంధనలు ఒప్పుకోవు.
పుస్తకంలో ఇప్పటికీ నలభై రెండే.

శనివారం లేత్ వచ్చింది.
లాకీ నేల మీద పసుపు గీత గీసి
అందరినీ దాని అవతల నిలబెట్టాడు,
ఫార్కర్‌ని ఇంకో అడుగు అవతల.
ఇష్‌బెల్ ఎడమ చేత్తో గొలుసు లాగింది.
టిక్కు. టిక్కు. కడియం తర్వాత కడియం.
ఎవరూ అంకెలు లెక్కపెట్టలేదు.
ముందు కాగితం దూరేంత, తర్వాత చెయ్యి దూరేంత
నేలకూ ఇనుముకూ మధ్య వెలుతురు పడింది.
ఆ సందులో ఎవరూ లేరు.
నేను రెండుసార్లు వంగి చూశాను.

అప్పుడే పైనుంచి ఒక చుక్క
బకెట్లో టప్పుమని పడింది.
అందరం ఉలిక్కిపడ్డాం,
లేత్ తప్ప.