కొసరు

అమ్మ కాళేశ్వరరావు మార్కెట్లో ఆకుకూరలమ్మేది.
తోటకూర కట్టకి డబ్బులు చేతిలో పడ్డాక
నాలుగు రెబ్బల కరివేపాకు పైన పడేసేది,
అడిగినా, అడక్కపోయినా.
"ఇది కొసరే, లెక్కలోకి రాదు" అనేది.
లెక్కలోకి రాని ఆ కరివేపాకు కోసమే
సత్యనారాయణపురం నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఇప్పుడు నా ఫోను
నన్నే కొసరు అడుగుతోంది.
పది, ఇరవై, ముప్పై,
మూడు గళ్ళు, గాజుల కొట్లో సైజుల్లా.
నేను తెప్పించుకున్నది పెరుగు ప్యాకెట్టు,
అరకిలో ఇడ్లీ రవ్వ, మోకాలికి ఆయింట్‌మెంటు.
ఇల్లు విద్యాధరపురం కొండ మీద.
మెట్లు నూట పద్నాలుగు.
మ్యాపులో కొండ లేదు.
నీలం చుక్క సాఫీగా జారుకుంటూ వస్తుంది,
ఆయాసం దానికెక్కడిది.

రోహిణీ కార్తె.
రోళ్ళ సంగతేమో గానీ
మొన్న మెట్లకి పూసిన సిమెంటు అప్పుడే నెర్రెలిచ్చింది.
నాగుల్‌మీరా వస్తున్నాడని రాసుంది ఫోన్లో.

కింది వాటా భాస్కరయ్యగారు
ఆర్టీసీలో కండక్టరు చేసి దిగినాయన,
"ఇవ్వకమ్మాయ్, అలవాటు చేస్తే అదే జీతమైపోద్ది.
కంపెనీవాడు ఎగ్గొట్టిన కూలి
నీ కొంగుముడిలోంచి తీయిస్తాడా?" అన్నాడు.
ఆ మాటలో అబద్ధం లేదు.
కాకపోతే ఆయన నీడలో కూర్చుని అన్నాడు.

నేనూ కూలిమనిషినే. జాకెట్లు కుడతాను.
లైనింగు జాకెట్టు మూడొందలంటే
రెండొందల డెబ్భైకి తెగ్గొట్టినావిడే
ఓ పండక్కి ఇరవై ఎక్కువిచ్చింది,
"ఉంచుకో, పిల్లలకేమన్నా కొను" అని.
నాకు పిల్లల్లేరు.
ఆ ఇరవై మిషను సొరుగులో చాన్నాళ్ళు పడుంది,
ఖర్చుపెట్టబుద్ధి కాలేదు, తిరిగిచ్చే ధైర్యం రాలేదు.
కూలి పూర్తిగా ఇచ్చి మాట్లాడకుండా వెళ్ళుంటే
నేనే ఆవిడకి నాలుగు హుక్కులు కొసరు వేసేదాన్ని.

ఇవన్నీ అనుకుంటూనే ఇరవై నొక్కాను.

ముందు అతని ఊపిరి వచ్చింది,
ఆ తర్వాత హెల్మెట్టు, ఆ తర్వాత మనిషి.
నలభై దాటినవాడు.
కుర్రాడనుకున్నాను, ఎందుకనుకున్నానో.
"బాబూ" అనబోయి మింగేశాను.
"ఫోన్లో ఇరవై వేశాను, అందిందా?"
"అందుద్దండి. వారం లెక్కలో కలిసి పడుద్ది.
ఏది ఎవరిదో నేనెప్పుడూ విడదీసి చూళ్ళేదు."
"మరి మెట్లకో?"
నవ్వాడు.
"మెట్లకేం రాదండి. అది దూరం కాదంట, ఎత్తంట."
వెళ్తూ వెళ్తూ పిట్టగోడ మీంచి కిందికి తొంగి చూశాడు.
"ఇక్కడినుంచి బుట్ట దించితే సందులోకే కదండీ."

ఆ రాత్రి లైనింగు ముక్కలు పేని
తాడు కుట్టాను, నిట్టనిలువు నలభై అడుగులు.
గురువారం బుట్ట దిగింది.
అందులో రెండు పదినోట్లు, గాలికెగరకుండా
బొత్తాల డబ్బా బరువు పెట్టి.

బుట్ట పైకొచ్చింది.
పెరుగు ఉంది, రవ్వ ఉంది, డబ్బా ఉంది,
డబ్బా కింద ఒక పది అలాగే ఉంది.
గోడ మీంచి వంగి కేకేశాను.
"ఇయ్యాల మెట్లెక్కలేదు కదండీ!"
కిందనుంచి అతను.
బండి అప్పటికే స్టార్టయింది,
ఇంకెవరి పెరుగో ఎండలో ఉంది.

పదిరూపాయల దగ్గర అతనికి లెక్కుంది, నాకూ ఉంది.
ఇద్దరం కొసరు దగ్గరే తూకం వేసుకుంటున్నాం.
అసలు ఇవ్వాల్సినవాడు మాత్రం
ఎంత తాడు పేనినా అందని చోటున్నాడు.

"ఎంతిచ్చావమ్మాయ్?" భాస్కరయ్యగారు కింద నుంచి.
జవాబు చెప్పలేదు.
తాడు చుట్టుకుంటున్నాను.
కొస దగ్గర పోగు లేస్తోంది,
ఇంకో వరస కుట్టు వెయ్యాలి.