పిడికెడు

రాత్రి రెండుంబావుకు
ఐసుగడ్డల డబ్బాల కూసోని
బూడిదరంగు మూత గొట్టమొకటి ల్యాబుకొస్తది.
లోపల రెండు మిల్లీలీటర్ల ఓదెలు.

చీటీ మీద: నలభై ఆరేండ్లు, ఏడో మంచం,
ఎనుమాముల యార్డుల హమాలి, న్యుమోనియా.
ముఖం నేను చూడలే.
పెద్దాసుపత్రిల పదకొండేండ్ల సంది
మనుషులను గిట్లనే ఎరుక నాకు,
చల్లగ, మూత బెట్టి, నంబరేసి.

మిషన్ గొణిగి గొణిగి కాయితం కక్కుతది.
లాక్టేట్, ఏడు పాయింట్ నాలుగు.
రెండు దాటితే కనుబొమ్మ లేస్తది,
నాలుగు దాటితే ఫోన్ లేస్తది,
ఏడంటే కుర్చీల నుంచి నేనే లేస్త.
"మేడం, ఏడో మంచం..."
అటుదిక్కు డాక్టర్ ఫర్హానా "ఊఁ" అంటది.
ఆ ఊఁ పొడుగును బట్టి నాకు సగం తెలిసిపోతది.

సొరుగుల నాదొక నోటుబుక్కున్నది.
ఎవరూ రాయమనలే, ఎవరికీ చూపలే.
పేర్లుండవు. అంకె, దాని పక్కపొంటి పెన్సిల్‌తోని
ఉంటడు, లేకుంటే పోతడు.
తెల్లారినంక వార్డుకు ఫోన్ చేసి
ఒప్పో తప్పో గీత గీసుకుంట.
మూడొందల పన్నెండు ఒప్పులు.
గర్వమనుకునేరు!
నేను గెలిచిన రోజులల్ల శానా మటుకు
ఎవరింట్లనో పొయ్యి అంటుకోలే.

ఇయ్యాల ఏడున్నర పక్కన
పోతడు అని రాసిన.
నాలుగో మంచం డిగ్రీ పిల్లకు ఒకటి పాయింట్ ఎనిమిది,
ఉంటది అని రాసిన, చెయ్యి ఆగకుంట.

కిటికీల ఒక ముఖం.
"ఎంతొచ్చింది సారూ, మావోనికి?"
డాక్టరమ్మ చెప్తదన్న. రూలది.
రాజవ్వ కదలలే.
ఆమె కొంగుల నుంచి మిరప ఘాటు జాలిల కెళ్లి లోపలికొచ్చింది,
తుమ్మిన.
ఒక్క తుమ్ము.
ఇద్దరం గుటక మింగి
రెండోదాని కోసం చూసినం. రాలే.

"ఎన్నిసార్లు ఉతికినా పోదు సారూ ఈ ఘాటు" అన్నది.
మల్ల తనే అన్నది:
"మా యార్డుల గూడ గిట్లనే.
సేటు బస్తా మూతి ఇప్పి పిడికెడు తీస్తడు,
నలుపుతడు, తేమ మిషన్ గుచ్చుతడు,
పద్నాలుగంటడు, బస్తంతకు ధర గట్టి పోతడు.
మావోడేమో దాన్ని ఈపు మీదికెత్తుతడు.
అడుగున ఎండినదుందో తడిసినదుందో
ఈపుకు తెలుస్తది."

"గట్లయితే ఆ పిడికెడు అబద్ధమా?"

"అబద్ధమెందుకైతది సారూ.
పిడికెడే."

నాలుగున్నరకు వార్డుబాయ్ వట్టి చేతులతోని వచ్చిండు.
నాలుగో మంచం శాంపిల్ ఇగ రాదు అన్నడు.
ఎందుకని అడగలే.
నోటుబుక్కు తియ్యలే.
మిషన్‌కు కడుగునీళ్లు పోసి
అది మింగుతుంటే చూసుకుంట నిలబడ్డ.

ఆరింటికి ఓదెలు రెండోసారి వచ్చిండు,
అదే బూడిద మూత, కొత్త ఐసు.
ఆరు పాయింట్ ఒకటి.
మంచి అంకె కాదు. ఆరంటే ఇంకా మంటే.
కని ఒక్క అంకె గుంజ లెక్క పాతుకోని ఉంటది,
రెండోది వచ్చినంకనే
అది తొవ్వ అని తెలుస్తది, అటో ఇటో.
రబ్బరు తీసి పోతడును తుడిచిన.
కాయితం మీద అచ్చు మిగిలింది,
వేలు పెడితే ఇంకా తాకుతున్నది.
దాని మీద ఏం రాయాలెనో తోచలే.

డ్యూటీ దిగి పోచమ్మమైదాన్ల ఆటో ఎక్కిన.
ముందర మిరప బస్తాల లారీ,
టార్పాలిన్ కొస గాలికి కొట్టుకుంటున్నది,
బస్తాల మీద ఇద్దరు హమాలీలు
పండుకున్నరో, కండ్లు మూసుకున్నరో.

అప్పుడొచ్చింది రెండో తుమ్ము.

దీన్ని
ఏ గడిల రాసుకోవాలె?