నలభై ఐదో ముక్క తర్వాత

కాజాలు కత్తిరించిన చెయ్యి కదా అని
నన్ను ఆసుపత్రి పై అంతస్తుకు పిలిచారు.
పోర్తోలో ఆ ఏడు
దౌరో నది మీంచి లేచిన మంచు
కిటికీ అద్దాల్ని వారాల తరబడి వదల్లేదు.
పెళ్లిగౌన్లు కత్తిరించిన కత్తెరే,
సాన పట్టించి తెచ్చుకున్నాను.

పని చెప్పడానికి తేలిక.
ఒక మనిషి రక్తంలోంచి ఒక కణం,
అది రెండుగా చీలబోయే క్షణంలో
చిట్లించి తీసిన ఫోటో,
ఫోటో నిండా చెల్లాచెదురుగా నల్లటి పుల్లలు.
వాటిని క్రోమోజోములంటారని
నాకు రెండో వారంలో తెలిసింది.
ఒక్కోదాన్నీ అంచు చెడకుండా కత్తిరించి
పొడుగువి ముందు, పొట్టివి చివర,
జతకు జత పేర్చి జిగురు రాయాలి.
నలభై ఆరు రావాలి.
వస్తే సంతకం, కాఫీ.

తుమ్మకూడదు. నిట్టూర్చకూడదు.
ఫ్యాను ఉంది గానీ
దాని తీగ డాక్టర్ తెలిష్ ఎప్పుడో పీకేశారు.

మార్చిలో ఒక కవరు.
సిదాలియా, పదిహేడేళ్లు, మతొజిన్యోష్.
ఎత్తు దగ్గర రాసిన అంకె
పదేళ్ల పిల్లది.
కింద పెన్సిల్‌తో: ఇంకా పెద్దమనిషి కాలేదు.

కత్తిరించాను. పేర్చాను.
నలభై ఐదు.

కొట్టు కట్టేసే వేళ చిల్లర తక్కువైతే లెక్కపెట్టినట్టు
పెదాలు కదుపుతూ మళ్లీ లెక్కపెట్టాను.
నలభై ఐదు.

బల్ల కింద దూరాను.
జోళ్ల అడుగులు తిప్పి చూశాను,
చీపురు దులిపాను,
జిగురుసీసా మూత లోపల,
నా ముడిలో, మడిచిన చేతుల్లో.
ఉన్నదాన్ని పోగొట్టానా,
లేనిదాన్ని వెతుకుతున్నానా?
ఎవరో నేను మొహమైనా చూడని పిల్ల
నా పక్కనే మోకాళ్ల మీద
నేలంతా పాకుతున్నట్టుంది.

మర్నాడు రెండో కణం. ఆపై పదోది.
ముప్ఫై కణాలు కత్తిరించాను, ఊపిరి బిగబట్టి.
ముప్ఫైసార్లూ మధ్య గుంపులో పదిహేనే,
పదహారోది రాదు.
రాని ఆ ఒక్కదాని పేరు ఎక్స్ అన్నారు డాక్టర్.
బళ్లో తెలియని అంకెకు
మేం పెట్టుకున్న పేరే.

అంటే తప్పు నా చేతిది కాదు.
చెప్పుకోవడానికి సిగ్గు,
ఆ పూట నాకు హాయిగా అనిపించింది.

రెండోసారి రక్తమివ్వడానికి తనే వచ్చింది,
చేపల ఫ్యాక్టరీ ఏప్రన్ విప్పకుండానే.
ముందు వాసన: నూనె, ఉప్పు, తగరం.
తర్వాత ఆమె. మెడకు రెండు పక్కలా చర్మం
భుజాల మీదికి జారి,
కొలత తప్పక, అలాగే కుట్టిన కాలరులా.
డాక్టర్ ఆమె తల్లితోనే మాట్లాడారు.
“పిల్లలు” అన్న మాట దగ్గర గొంతు తగ్గించారు.
గోడ ఇవతల కూర్చున్న మా ఇద్దరికీ
తగ్గించిన ఆ మాటే బాగా వినబడింది.

“చూపించు” అంది.
చూపించకూడదు. చూపించాను.
కాగితాన్ని దీపం కిందికి లాక్కుని
వేలు తాకించకుండా లెక్కపెట్టింది,
నాకంటే వేగంగా.
“సార్డీన్లూ ఇంతే, తలా తోకా మార్చి పేరుస్తాం.
డబ్బాలో ఒకటి తగ్గితే మా కూలిలో కోస్తారు.
దీనికి ఎవరి కూలిలో కోస్తారు?”

జవాబు కోసం ఆగలేదు.
“మీ జిగురు మంచిది కాదు,
అంచులు లేస్తున్నాయి” అంది.
నిజమే, లేస్తున్నాయి.

మే నెలలో చలికోటు ఉతకబోతే
మోచేతి మడతలో ఒక ముక్క.
గోరంతైనా లేదు.
నల్లటి పుల్ల, నడుమున చిన్న నొక్కు.

ఆమెది కాదు. ముప్ఫైసార్లు తెలుసు.
మరి ఎవరిది?
నలభై ఆరు చూసి, సంతకం పెట్టి,
కాఫీ తాగిన రోజుల్లో
ఎవరిదో నలభై ఏడోది
నా చేతికి అంటుకుని
నాతోపాటు ఇంటికొచ్చిందా?

బొత్తాల డబ్బాలో వేశాను.
ఆ తర్వాత ఏ చొక్కాకు బొత్తాం ఊడినా
కొత్తది కొనుక్కొస్తున్నాను.