పదకొండో నిమిషం

బీకరులో నీళ్ళు తేటబడ్డాయి.
"అయిపోయినట్టేనామ్మా, కడిగెయ్యనా?" అన్నాడు గుణ్ణయ్య
చేతిలో బ్రష్షుతో.
ముప్ఫయ్యేళ్ళుగా ఈ లాబ్‌లో గాజు కడుగుతున్న మనిషి,
తేట నీళ్ళని నమ్మడం ఆయన తప్పు కాదు.

ఉండు గుణ్ణయ్యా, అన్నాను.

లంకెలపాలెం దాటాక ఒక కాలవ గట్టు మీద
ముక్కుకి చున్నీ కట్టుకుని నింపుకొచ్చిన నీళ్ళివి.
వీటిలో చిటికెడు పొడి వేశాను.
గోడ సున్నం కన్నా తెల్లటి పొడి.
భీమిలి ఒడ్డున పాదాలకి అంటుకునే నల్ల ఇసక ఉంది చూడండి,
దాని కడుపులో దాక్కున్నదే ఈ తెలుపు.
నీలి దీపం వెలిగిస్తే
తను రవ్వంతైనా ఖర్చు కాకుండా
ఎదుటివాళ్ళ బంధాలు తెంచుతుంది.
ఇలాంటి మనుషులు మా చినవాల్తేరు వీధిలోనూ ఇద్దరున్నారు.

నలభై నిమిషాలు.
మందు విరిగింది.
మూర్ఛకి వాడే మందు.
మా తమ్ముడు నీలాద్రి
రాత్రి పెరుగన్నం తిన్నాక మింగే మాత్రలోదే.
వాడి ఒంట్లో ఆగినంత ఆగుతుంది,
మిగిలింది కాలవ వెతుక్కుంటుంది.

యంత్రం కాగితం మీద కొండలు గీస్తుంది.
ఎనిమిదో నిమిషం దగ్గర నిలబడాల్సిన కొండ
అరిగి అరిగి ఇసక దిబ్బయింది.
సంబరపడేలోపు
పదకొండో నిమిషం దగ్గర,
నిన్న లేనిది, ఎవరూ పొయ్యనిది,
తెల్లారి మంచులోంచి యారాడ కొండ తేలినట్టు
చిన్నగా, మొండిగా
లేచింది.

పేరుంది దానికి. అక్రిడిన్.
చీకట్లో నీలి దీపం కింద పెడితే మెరుస్తుంది కూడా,
పుట్టినందుకు తనే సంతోషిస్తున్నట్టు.

ప్లాంటు కుర్రాడు ఫోన్లో నవ్వాడు.
"మేడమ్, మా ఫారంలో ఆ గడి నేదండి.
మందుందా అనడుగుతారు, నేదని రాస్తాం.
నలభై నిమిషాలకి దీపాలార్పేస్తాం.
ఆ పైన కరెంటు బిల్లు ఎవులు కడతారు?"
అతను అబద్ధం చెప్పలేదు.
అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

నీటి ఈగల్ని తెచ్చాను, గ్లాసుకి పది చొప్పున.
మురికి నీళ్ళలో తొమ్మిది ఈదాయి.
తేట నీళ్ళలో, రెండోరోజు పొద్దుటికి,
మూడు.
అందులో ఒకటి ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది.
దాన్ని బతికినవాటి లెక్కలోనే వేశాను.
ఎందుకో గైడు అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

పాలు విరిగితే అమ్మ పారబొయ్యదు.
గుడ్డలో కట్టి, కారిన నీటిని గిన్నెలో పట్టి
పిండి కలపడానికి వాడుతుంది.
విరుగుడు అంటుంది దాన్ని.
విషానికి వేసే మందుకీ అదే మాట.
ఆ మాటకి ఆనుకునే కాబోలు
విరగ్గొడితే చాలనుకున్నాం మేం.

ఆ రాత్రి దీపం ఆర్పలేదు.
గంట. రెండు గంటలు.
మధ్యలో కరెంటు పోయింది.
గుణ్ణయ్య ఇంటికెళ్ళక తలుపు దగ్గర కూచుని
కొత్తజాలారిపేటలో వాళ్ళ బావ పడవ సంగతులు చెప్పాడు.
వల బరువుగా వస్తే
పైకి లాగేదాకా అది చేపో చెత్తో తెలీదట.

కరెంటొచ్చింది. మళ్ళీ మొదలు.
నాలుగు గంటల వెలుగు తాగాక
పదకొండో నిమిషం చదునైంది.
ఈగలు పదీ ఈదాయి, నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టాను.
మూడో నిమిషం దగ్గర మాత్రం
గీత కొంచెం వణికింది.
యంత్రమే వణికిందో,
పేరు పెట్టని మరేదైనా ఉందో.

"ఇప్పుడు కడిగెయ్యనామ్మా?"

ఈ సింకులో నీళ్ళు ఎక్కడికి పోతాయి గుణ్ణయ్యా?

ఆయన బ్రష్షుతో కిటికీ చూపించాడు.
దిబ్బల కింద సముద్రం.
దాని మీద పొద్దు
అప్పుడే తన దీపం వెలిగిస్తోంది.