ఎస్ కాదు, జెడ్

గ్లేస్ బే. కౌన్సిల్ హాలు, రెండో అంతస్తు.
"ఎనభై ఏడు, లామంట్ వీధి... రేజ్"
అన్నాడు సభ్యుడొకడు, దగ్గుకీ దగ్గుకీ మధ్య.
చేతులు లేచాయి. తీర్మానం నెగ్గింది.

వెనక బెంచీలో యూఫీమియా మెకెకర్న్
చప్పట్లు కొట్టింది.
ఒక్కతే.

ఒళ్లో బిస్కెట్ల డబ్బా. సభవారికని
ఓట్స్‌తో పొద్దున్నే కాల్చినవి.
వంటగది వాలిందని,
గోళీ పెడితే పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా
తనంతట తనే పోతోందని
మార్చిలో ఫోన్ చేసింది ఈవిడే.
ఇంటి కింద బొగ్గు తవ్వింది ఈవిడ మొగుడే,
పద్నాలుగేళ్లు,
తన మంచం కిందనే, తనకి తెలియకుండా.

ఇన్‌స్పెక్టర్ కుర్రాడు వచ్చి గోడని వేలితో పొడిచాడు.
వేలికంటిన పొడి చూసుకుని వెళ్లిపోయాడు.
వెనకాలే ఉత్తరం. ఈవిడ కళ్లకి శుక్లాలు.
పక్కింటి పిల్ల గబగబా చదివి పెట్టింది, బస్సు వచ్చేస్తోందని:
నీ ఇల్లు రేజ్ చేస్తారట.

రేజ్ అంటే ఎత్తడం.
దూలాల కింద జాకీలు పెట్టి
అంగుళం అంగుళం లేపుతారు కాబోలనుకుంది.
పింగాణీ కప్పులన్నీ పాత పేపర్లలో చుట్టిపెట్టింది,
లేచేటప్పుడు ఇల్లు ఊగుతుందేమోనని.

మినిట్స్ రాసే లోరెట్ బుద్రో
కుర్చీ వెనక్కి జరిపి వచ్చింది.
"ఎస్ కాదు, ఫీమీ. జెడ్."
గాలిలో వేలితో గీసి చూపింది:
అడ్డంగా ఓ గీత, ఏటవాలుగా కిందికి, మళ్లీ అడ్డంగా.
"రేజర్‌కి చుట్టం ఆ మాట. నున్నగా గీకెయ్యడం."

ముసలామె తన చెంపే తడుముకుంది.
"ఆంగస్ శనివారం గీసుకునేవాడు.
ఆదివారం సాయంత్రానికి
మళ్లీ మొలిచేది."

దీన్ని నా లిపిలో రాస్తున్నాను కదా,
నాకు వీళ్లిద్దరి మధ్యా నిలబడే చోటు లేదు.
ఎత్తినా రేజే, కూల్చినా రేజే.
విడదీసే అక్షరం మా దగ్గర లేదు.
నేలమట్టం అనే మాట ఉంది.
అందులో మట్టం, గోడ కట్టే మేస్త్రీ
ఒక కన్ను మూసి చూసుకునేది.
ఆ వంటగది అడిగిందీ అంతే.

"ఒక్క అక్షరమేగా," అంది ఫీమీ,
డబ్బా మూత బిగిస్తూ, మళ్లీ తీస్తూ.
"రాసేది నువ్వేగా."

రాత్రి ఎనిమిదయింది.
లోరెట్ జెడ్ చెరిపి, ఎస్ కొట్టి చూసింది.
కంప్యూటర్ ఏమీ అనలేదు.
రెండూ సరైన మాటలే.
కింద ఎర్రగీత రాలేదు.

బల్ల మీంచి ఓ బిస్కెట్ తీసుకుని,
నోట్లో పెట్టుకుని, నమలకుండా,
తెర వంక చూస్తూ కూర్చుంది.