ఎడమ మోకాలు

సైకిలుకి తుపాకి కట్టేదానికి
మా చెంగల్రాయ మామకి ఒక లెక్క ఉండేది.
ముందు బారుకి గోనెపట్ట చుట్టాల.
కట్టె సీటు కిందికి, మూతి నేలకల్లా.
"మనుషులకల్లా కూడదు, ఆకాశానికల్లా కూడదురా,
ఆడ గూడా ఎవురో వొకరుంటారు."
గొట్టం తగలకుండా
ఎడమ మోకాలు బయటికి పెట్టి తొక్కాల.

మందు మాత్రం తుపాకితో పొయ్యేదానికి లేదు.
అది నా సైకిలుకి తగిలించిన క్యారేజీలో,
పైగిన్నెలో సంగటి, కిందిగిన్నెలో మందు.
మా ఇద్దరి నడాన రెండు చింతచెట్ల దూరం.
మామ బీడీ అంటిస్తే
ఇంకో చెట్టు.

పందులు చెనిక్కాయ చేను తవ్విపోసిన రాత్రులు
బైరెడ్డిపల్లె దోవలో డైనమో ఎత్తేసి
వెన్నెల్లో పొయ్యేవాళ్లం.
గుంతొస్తే దిగి నడిపించాల.
మనిషి ఎదురైతే బెల్లు కొట్టాల.
దొంగలు బెల్లు కొట్టరంట.

ఎన్ని పందులు పడినాయని అడగొద్దు.
రెండుసార్లు పేలింది,
రెండుసార్లూ మా చెవులకే తగిలింది.

ఎలక్షన్లొచ్చె. స్టేషన్లో పెట్టమనిరి.
రైటరు చీటీ రాసిచ్చినాడు:
నాటుది, ఒంటిగొట్టం, ఒకటి.
గోనెపట్ట లెక్కలోకి రాదని
మడిచి మామ చేతికిచ్చినాడు.

ఆ ఎలక్షన్లు పోయె, ఇంకోటొచ్చె, అదీ పోయె.
చీటీ మడతల కాడ నాలుగు ముక్కలైంది.
అడిగితే, సారు కొత్తాయన.

మామ ఇప్పటికీ
ఎడమ మోకాలు బయటికి పెట్టే తొక్కతాడు
వట్టి బారు మీద.
నేను వెనకాల, రెండు చింతచెట్ల దూరంలో.
క్యారేజీలో
రెండు గిన్నెలూ సంగటే.