ఏడో బోరు

దేవరకొండ బడిల సంభావ్యత చెప్తున్న:
"నాణేనికి యాది ఉండదు పిల్లలూ,
ఆరుసార్లు బొరుసు పడ్డా
ఏడోసారి మల్ల సగం సగమే."

నేనావత్ లలిత లేచింది.
"మరి బోరుకో సారూ?
మా నాయిన ఆరు ఏసిండు. అన్నీ దుమ్మే.
రాత్రి బండి మల్లొచ్చింది."

సుద్దముక్క చేతిలనే ఉంది.
అడుగుకు ఇంత, కేసింగుకు ఇంత,
నూటికి మూడు, మిత్తి మీద మిత్తి
ఆ లెక్కలన్నీ నోటుబుక్కు ఆఖరి పేజీల
నాకన్నా శుభ్రంగ చేసిపెట్టుకుంది.
ఏడువందల అడుగుల కింద
జవాబు కాడ మాత్రం ఖాళీ.

గంట కొట్టిండ్రు.
ఎవరూ లేవలేదు.

తండా దిక్కు నుంచి రిగ్గు మోత.
కిటికీ ఊచలు సన్నగ వణుకుతున్నయి.
తడి మోతనో, పొడి మోతనో
అందరం చెవులొగ్గినం.